లమ్‌దువాన్ ఫోటో షాపులో పొద్దున లేవని కంప్యూటర్

నోంగ్ వేంగ్ సంత వీధి చుట్టుపక్కల బతికినవాళ్లలో లమ్‌దువాన్ చేతి మీదుగా పోనివాళ్లు తక్కువ. గుర్తింపు కార్డుకు చిన్న ఫోటో, పెళ్లికి జంట ఫోటో, చివరికి శవపేటిక ముందు నిలబెట్టే పెద్ద ఫోటో, మూడూ ఆమె షాపులోనే తయారయ్యేవి. ఆమె గురించి చెప్పాలంటే ఆమె కంప్యూటర్ గురించి చెప్పాలి. ఆ కంప్యూటర్ గురించి చెప్పాలంటే నా గురించి కొంత చెప్పక తప్పదు. దాన్ని బాగుచేసింది నేను.

నా పేరు ఖమ్‌సింగ్. బౌద్ధ విహారం బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. అక్కడితో చదువు ఆగింది గాని బుర్ర ఆగలేదు. పంతొమ్మిదో ఏట కాలిపోయిన రేడియో ఒకటి విప్పి, పలికించి, మళ్లీ మూత బిగించాను. ఒక్క మరమేకు కూడా మిగల్లేదు. మా ఊరికి కరెంటు రాకముందే కారు బ్యాటరీ మీద టీవీ ఆడించి రెండువందల మందికి బాక్సింగ్ చూపించాను. ముప్పై ఒక్క ఏళ్లు చుట్టుపక్కల పద్నాలుగు విహారాల జాతరలకూ అంత్యక్రియలకూ మైకు సెట్టు నాదే. దానికి జిల్లా అధికారిగారు స్వయంగా ఇచ్చిన యోగ్యతాపత్రం మా ఇంట్లో గోడకు ఉంది. చూడాలనుకునేవాళ్లు ఎప్పుడైనా రావచ్చు.

లమ్‌దువాన్ నాకంటే ఆరేళ్లు చిన్నది. పద్నాలుగో ఏట ఖోన్ కేన్ పట్నంలో ఒక చైనా ముసలాయన స్టూడియోలో ఊడ్చే పనికి కుదిరింది. ఊడుస్తూ ఊడుస్తూనే నెగెటివ్‌ల మీద సన్నని పెన్సిలుతో మచ్చలు చెరపడం, ముడతలు దిద్దడం నేర్చింది. పదేళ్ల తర్వాత ఒక కెమెరా ఒళ్లో పెట్టుకుని బస్సు దిగి, సంత వీధిలో రేకుల కప్పు కింద సొంత షాపు తెరిచింది. మా వైపు రైతుల్లో కోటు ఉన్నవాడు లేడు. అలాగని పోయాక కోటు లేకుండా ఫోటోలో కూర్చోవడానికి ఒప్పుకునేవాడూ లేడు. అందుకని ఆమె కుంచెతో కోటు తొడిగేది, టై కట్టేది. మెల్లకన్నును తిన్నగా చూడమనేది, అది చూసేది. పళ్లు ఊడినవాళ్లకు అడక్కుండానే పళ్లు పెట్టేది. ఒక్క ముసలమ్మ మాత్రం అభ్యంతరం చెప్పింది. "ఇన్ని పళ్లేసుకుని పోతే పైన మా ఆయన నన్ను గుర్తుపట్టడమ్మాయ్, తీసెయ్." లమ్‌దువాన్ రెండు ఉంచి మిగతావి తీసేసింది.

మా బౌద్ధ శకం రెండువేల ఐదువందల నలభైనాలుగులో, యాభై నాలుగేళ్ల వయసులో, ఆమె కుంచె పక్కన పెట్టి కంప్యూటర్ కొంది. మూడు వారాల్లో దాని పట్టు దొరకబుచ్చుకుంది. నల్లకోట్లు, పట్టు చొక్కాలు, అధికారులు వేసుకునే తెల్లని దుస్తులు, మొత్తం ఇరవైమూడు రకాల ఒళ్లు అందులో దాచిపెట్టింది. తలకాయ తెచ్చి నచ్చిన ఒంటి మీద కూర్చోబెట్టడమే. నేను పోయాక పెట్టాల్సిన ఫోటో కూడా అందులో ముందుగానే సిద్ధంగా ఉంది. పతకాల వరుస చిన్నదిగా ఉందని మూడుసార్లు మార్పించాను. మూడోసారి ఆమె, "అన్నా, ఇంకొక్క పతకం తగిలించానంటే నువ్వు కూర్చున్న కుర్చీ విరుగుద్ది" అంది.

కంప్యూటర్ కొన్న మొదటి ఏడే ఒకరోజు అది లేవలేదు. ప్లగ్గు వదులై ఉంటుందని ఇప్పుడు నా లెక్క. కాని ఆ రోజు పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు, ఆమెకు లెక్కలు వేసే తీరిక లేదు. ఆ స్థలపు దొరకు మొక్కుకుంది. ఏ నేలకైనా కంటికి కనబడని ఒక దొర ఉంటాడు, మనకంటే ముందు నుంచీ అక్కడ కాపురం ఉన్నవాడు. ఆయన్ను అడక్కుండా మేం గుంజ కూడా పాతం. "దొరవారూ, ఈ పెట్టెను లేపండి, రోజూ ఎర్రసోడా ఇచ్చుకుంటాను" అందట. పెట్టె లేచింది. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఒక ఎర్రసోడా సీసా మూత తీసి, స్ట్రా వేసి, సీపీయూ నెత్తి మీద పెట్టేది. వాకిట్లో దొరవారికి గూడు ఉంది, అందులో వేరే సీసా ఉంది. అయినా కంప్యూటర్ మొక్కు కంప్యూటర్ మీదే తీర్చాలని ఆమె పట్టు.

ఐదేళ్లు బాగానే గడిచాయి. రెండువేల ఐదువందల నలభైతొమ్మిది చలికాలంలో పెట్టె మొరాయించడం మొదలుపెట్టింది. బటన్ నొక్కితే ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్కోసారి ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, నాలుగు లెక్కపెట్టేలోపు అంతా ఆరిపోతుంది. మధ్యాహ్నం రెండు దాటాక మాత్రం ఏమీ ఎరగనట్టు లేస్తుంది. పక్కన నూడుల్స్ బండి పెట్టుకున్న బువాలై, "దొరవారు రాత్రుళ్లు బాక్సింగ్ చూస్తున్నారేమో అక్కా, పొద్దున్నే లేపితే ఎట్లా లేస్తారు?" అనేది. లమ్‌దువాన్ నవ్వేది కాదు. ఒక సీసాను రెండు చేసింది. నన్ను పిలవలేదు. దొరవారి మీద ఫిర్యాదు చేసినట్టవుతుందని భయం.

మరుసటి ఏడు వానాకాలంలో ఖెన్ పోయాడు.

ఖెన్ గేదెల వ్యాపారి. మొండిమనిషి. కెమెరా కనిపిస్తే గేదె వెనక్కి పోయి నిలబడేవాడు. ఆయన పోయిన రోజుకు లమ్‌దువాన్ షాపుకు తాళం వేసి నఖోన్ ఫనోమ్ యాత్రకు వెళ్లి ఉంది. గుర్తింపు కార్డు చూద్దామంటే చావు నమోదు చేసినప్పుడు ఆఫీసువాళ్లు తీసేసుకున్నారు. ఇల్లంతా వెతికితే ఒక్క ఫోటో దొరికింది. జిల్లా పోటీలో బహుమతి కొట్టిన గేదె ఫోటో అది. దాని తోక పక్కన ఖెన్ మోచెయ్యి, సగం టోపీ కనిపిస్తున్నాయి. చేసేది లేక దాన్నే చట్రంలో బిగించి శవపేటిక ముందు పెట్టారు. మూడు రోజులు ఊరంతా వచ్చి అగరొత్తులు వెలిగించి, ఎవరికి దండం పెట్టాలో తోచక ముందు గేదెకు, తర్వాత మోచేతికి పెట్టి వెళ్లారు.

ఆయన భార్య చాన్ మూడు రోజులూ ఓర్చుకుంది. కాని దహనం రోజు సంగతి వేరు. పేటిక ముందు ఒకరు ఫోటో ఎత్తిపట్టుకుని నడవాలి, చితిశాల చుట్టూ అపసవ్యంగా మూడుసార్లు తిరగాలి. మూడు గంటలకు ముహూర్తం. గేదె ఫోటోతో మొగుణ్ని సాగనంపడం ఆమెవల్ల కాదు. రెండు నెలల కిందట తను బతిమాలి, తిట్టి, చివరికి చెయ్యి పట్టి లాక్కెళ్లి లమ్‌దువాన్ షాపులో ఖెన్‌ను ఒక్కసారి కూర్చోబెట్టింది. ఆ ఫోటో ఇంకా ప్రింటు తీయించలేదు. అది ఆ పెట్టెలో ఉంది.

ఆ పొద్దున నేను విహారంలో మైకు తీగలు లాగుతున్నాను. సన్నగా వాన. బువాలై గొడుగు కింద పరుగెత్తుకొచ్చింది.

"పెదనాన్నా, లమ్‌దువాన్ అక్క రమ్మంటోంది. రాత్రే బస్సు దిగిందంట. పెట్టె లేవట్లేదు. చాన్ అవ్వ అక్కడే కూచుని ఏడుస్తోంది."

"బాగా ఏడుస్తోందా?"

"ఏడుస్తూనే నా దగ్గర రెండు గిన్నెలు తింది."

నేను టెస్టరు, స్క్రూడ్రైవర్లు సంచిలో వేసుకుని బయలుదేరాను. షాపులో లమ్‌దువాన్ సీపీయూ ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. డబ్బా మీద రెండు సీసాలు. చాన్ గోడవారగా బెంచీ మీద, ఒళ్లో గేదె ఫోటో చట్రం పెట్టుకుని ఉంది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు మైకులవాడివి కదన్నా."

"మైకైనా కరెంటే, ఇదైనా కరెంటే. మూడు గంటలలోపు మీ ఆయన ముఖం నీ చేతిలో ఉంటుంది చాన్ అక్కా. ఖమ్‌సింగ్ మాట."

చాన్ ముక్కు తుడుచుకుని, "నీ మాట సంగతి తెలీదు గానీ తమ్ముడూ, ముఖం మాత్రం ఉండాలి. ఈ గేదె మీద ఆయనకున్న ప్రేమ చాలు, నేను కూడా దాని ముందు ఏడవలేను" అంది.

పనిలో నాదొక పద్ధతి. కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి నుంచి మొదలుపెట్టి, ఎక్కడ ఆగిపోయిందో అక్కడిదాకా నడవాలి. మధ్యలో దూకకూడదు. సాకెట్లో టెస్టరు పెడితే ఎర్రగా వెలిగింది. అదే సాకెట్లో టేబుల్ ఫ్యాను పెడితే తిరిగింది. మానిటర్ తీగ తీసి సీపీయూకు తగిలించి నొక్కాను. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆరింది.

"చూశావా?" అంది లమ్‌దువాన్. "లేచి, కళ్లు తెరిచి, మళ్లీ పడుకుంటారు."

"దొరవారి సంగతి తర్వాత. ముందు పక్క మూత తియ్యాలి. సీసాలు దించు."

ఆమె రెండు చేతులూ జోడించి, క్షమాపణ చెప్పుకుని, సీసాలు బల్ల మీదికి దించింది. మూత తీశాను. లోపల దూది పరుపంత దుమ్ము. దానిలో రెండు బల్లిగుడ్లు, ఒక చీమల బారు. మా దేశంలో చీమలు లేని డబ్బా ఏదైనా ఉందంటే అది ఇంకా కొట్టులోంచి బయటికి రాలేదని అర్థం. కాబట్టి నేను పట్టించుకోలేదు. అక్కడ పొరపాటు చేశాను, ఒప్పుకుంటున్నాను. బల్ల మీద కనిపించిన కుంచె తీసుకుని దుమ్ము దులపబోయాను.

లమ్‌దువాన్ కేక పెట్టింది. "అది ఉడత తోక వెంట్రుకలది! ముప్పై ఆరేళ్ల నాటిది! దానితో ఎన్ని కళ్లకు వెలుగు పెట్టానో తెలుసా?"

"అయితే ఈ పెట్టెకూ పెడదాం."

"చీపురు తీసుకో!"

చివరికి బువాలై బండి మీది విసనకర్రతో దుమ్ము ఊదాం. చాన్ తుమ్మింది. అంతా తుడిచి నొక్కితే మళ్లీ అదే నాలుగు అంకెల ఊపిరి.

ఇక నా అనుభవం నాకు చెప్పింది: కరెంటు డబ్బా పోయింది. గోడలోని కరెంటును పలచన చేసి లోపలికి పంపే డబ్బా అది. పాతబడితే కాసేపు మోసి చేతులెత్తేస్తుంది. నా ఆంప్లిఫయర్లలో పద్దెనిమిది మార్చాను. మా ఇంటి సామాన్లలో, బడివాళ్లు పారేసిన కంప్యూటర్లోది ఒకటి ఉంది. వానలో ఇంటికి వెళ్లి, వెతికి, తుడిచి, తెచ్చి బిగించేసరికి పదకొండున్నర. సీపీయూను పక్కకు పడుకోబెట్టి, రెండు దెబ్బలు కొట్టి నిలబెట్టి, నొక్కాను.

లేచింది. నాలుగు దాటింది, పది దాటింది, తెర మీద నీలం రంగు వచ్చింది.

నేను లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పాను. నాలుగో తరగతి చదువు గురించి, పట్నం మెకానిక్కుల గురించి, యోగ్యతాపత్రం గురించి. నిజానికి ఇంకా మొదట్లోనే ఉన్నాను. లమ్‌దువాన్ మౌస్ పట్టుకుని ఖెన్ పేరు వెతుకుతోంది. అంతలో ఉరుము ఉరిమింది, వీధి మొత్తానికి కరెంటు ఒక్క రెప్పపాటు పోయి వచ్చింది. టేబుల్ ఫ్యాను మళ్లీ తిరిగింది. పెట్టె తిరగలేదు.

లమ్‌దువాన్ నొక్కింది. ఉలుకు లేదు. నేను నొక్కాను. లేదు.

"ఆగిపోయావేం పెదనాన్నా, చెప్పు, యోగ్యతాపత్రం దాకా వచ్చావు" అంది బువాలై గుమ్మంలోంచి.

"రెండింటిదాకా చూద్దాం. రెండింటికి లేస్తారుగా" అంది లమ్‌దువాన్. కాని ఆమె గొంతులో నమ్మకం లేదు. ఆ రోజు వాన. రేకుల కప్పు కింద ఎన్నడూ లేనంత చల్లగా ఉంది. వానరోజుల్లో దొరవారు సాయంత్రం దాకా లేవరని ఆమెకు తెలుసు. రెండింటికి లేచినా ముఖం దిద్దడానికే గంటన్నర కావాలి. లోపలి డిస్కు పీకి పట్నం తీసుకెళ్దామంటే ఖోన్ కేన్ రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి, పొద్దుటి బస్సే ఇంకా రాలేదు.

చాన్ చట్రంలోని గేదె వంక చూసి, చెంగుతో దాని మూతి మీది దుమ్ము తుడిచింది. మాట ఇచ్చినవాణ్ని నేను.

లమ్‌దువాన్ లేచి వెళ్లి మూడో సీసా తెచ్చింది. సీపీయూ ముందు ఒక అగరొత్తి గుచ్చి వెలిగించింది. "దొరవారూ, నా పరువు కోసం కాదు. చాన్ అక్క మొగుడి కోసం. ఆయన కూడా మీ నేల మీద తిరిగినవాడే." సీసాను డబ్బా మీద ఆనించి మూత తీసింది. తొందరలో సీసా కదిలి, సోడా బుస్సుమని పొంగింది. ఎర్రగా కారి డబ్బా నెత్తి మీద మడుగు కట్టింది. తర్వాత ముందు అంచుకు జారి, అక్కడున్న గుండ్రటి బటన్ చుట్టూ తిరిగి, సందులోకి ఇంకిపోయింది.

నేను చూస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఎందరు జాతర పాటగాళ్లు తాగిన చేత్తో నా మైకు పట్టుకుని దాని మీద సోడా ఒలకబోశారో లెక్క లేదు. మర్నాటికి మైకు మీట నొక్కితే నొక్కినట్టే ఉండిపోయేది. నేను వంగి ఆ బటన్ మీద వేలు పెట్టి నొక్కి తీశాను. వేలు జిగటగా వచ్చింది. బటన్ రాలేదు. లోపలే కూర్చుంది. వేలు నోట్లో పెట్టుకున్నాను. తియ్యగా ఉంది. కిందటి ఏళ్ల పాకం, మీద ఈనాటి పాకం.

అప్పుడు అంతా తెలిసింది. ఈ పెట్టెల బటన్‌ను ఒక్కసారి నొక్కి వదిలితే లేస్తాయి. నొక్కి పట్టుకుంటే, నాలుగు లెక్కపెట్టి పడుకుంటాయి. అది వాటి కట్టడి. ఇక్కడ పట్టుకుని ఉన్నది మనిషి కాదు, పాకం. మధ్యాహ్నం రేకుల వేడికి పాకం కరిగేది, బటన్ పైకి తేలేది, పెట్టె లేచేది. పొద్దున చల్లదనానికి మళ్లీ గట్టిపడేది. నేను దెబ్బలు కొట్టినప్పుడు ఒకసారి వదిలింది. నేను మార్చిన కరెంటు డబ్బాకు ఏ రోగమూ లేదు.

కనిపెట్టడం ఒక ఎత్తు. చెప్పడం ఇంకో ఎత్తు.

"లమ్‌దువాన్, దొరవారికి నీ సోడా అందింది."

"అందిందా?"

"అందింది. కాకపోతే బటన్‌కు కూడా అందింది."

ఆమె సీసా వంక, బటన్ వంక చూసింది. తర్వాత ముఖం ఎర్రబడింది. "అంటే ఏంటన్నా? ఆరేళ్లుగా నేను చేసుకునే మొక్కే దీన్ని చంపుతోందా?"

"మొక్కును నేనేమీ అనలేదు. చోటు గురించి అన్నాను."

"పొద్దున లేవకపోతే ఇంకో సీసా పెట్టాను. లేవకపోతే ఇంకోటి…" అని ఆగిపోయింది. తన మాటలు తనకే వినిపించాయి.

బువాలై మెల్లగా, "దొరవారు ఎప్పుడూ పడుకోలేదక్కా. పాపం అంటుకుపోయారు" అంది.

చాన్ మొదట నవ్వింది. మూడు రోజుల తర్వాత నవ్వడం వల్ల కాబోలు ఆగలేదు. లమ్‌దువాన్ ఏడవబోయి తనూ నవ్వింది. నేను స్క్రూడ్రైవర్ తీసి పెట్టె మీద చెయ్యి వేయబోయాను. లమ్‌దువాన్ నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకు. అగరొత్తి వెలుగుతోంది. దొరవారు భోంచేస్తున్నారు."

"లమ్‌దువాన్, పన్నెండున్నర!"

"అగరొత్తి అయిపోకముందే విస్తరి లాగుతారా ఎవరైనా? ఇన్నాళ్లూ ఆయన మీద నింద వేసి, ఇప్పుడు అన్నం ముందు నుంచి లేపమంటావా?"

అగరొత్తి ముప్పావుగంట కాలుతుంది. నేను దాని కొన వంక, గడియారం వంక చూస్తూ కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి టేబుల్ ఫ్యాను తెచ్చి అగరొత్తి వైపు తిప్పి, మూడో నంబరులో పెట్టాను. నిప్పు కణకణలాడుతూ కిందికి పరుగు తీసింది.

"అదేం పని?" అంది లమ్‌దువాన్.

"దొరవారికి ఉక్కగా ఉందేమోనని."

"వానలోనా?"

చాన్ బెంచీ మీద నుంచి, "భోజనం చేసేవాళ్లకు విసరడం మర్యాదే కదా" అంది. ఆ మాటకు లమ్‌దువాన్ ఊరుకుంది. పావుగంటలో అగరొత్తి మొదలుదాకా వచ్చింది. ఆమె చేతులు జోడించి సెలవు అడిగి, సీసాను వాకిట్లో గూటికి మార్చింది. "దొరవారూ, ఇక నుంచి ఇక్కడే. లోపల ఇరుకు."

నేను మదర్‌బోర్డు మీద బటన్ తీగలు పట్టుకుని పీకేశాను. అవి కూర్చునే రెండు సూదుల మధ్య స్క్రూడ్రైవర్ కొన ఒక్క క్షణం ఆనించి తీశాను. పెట్టె లేచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు. పది. నీలం తెర. ఈసారి నేను ప్రసంగించలేదు. నా సంచిలో వాకిలి గంట బటన్ ఒకటి ఉంటే, దాని తీగలు ఆ సూదులకు చుట్టి, బటన్‌ను బల్ల అంచుకు మేకు కొట్టి బిగించాను. పట్నం మెకానిక్కు ఎవరొచ్చినా ముందు దాన్నే చూసి, ఎవరు చేశారని అడుగుతాడు.

తెర మీద ఖెన్ వచ్చాడు. టోపీ పెట్టుకుని, కనుబొమలు ముడిచి, ఇప్పుడే బేరం చెడిపోయినవాడిలా చూస్తున్నాడు. చాన్ లేచి దగ్గరికి వచ్చింది.

"ఏ ఒళ్లు పెట్టను అక్కా?" అంది లమ్‌దువాన్. "తెల్ల దుస్తులా? నల్లకోటా?"

"తెల్లవి వద్దు. మాపుకుంటాడు."

"ఫోటోలో మాపుకోడక్కా."

"నీకు తెలీదు ఆయన సంగతి. నల్లకోటు పెట్టు. టోపీ తీసెయ్."

"టోపీ కింద జుట్టు ఎట్లా ఉంటదో నాకు తెలీదే."

"ఉండదు."

లమ్‌దువాన్ వేళ్లు కదిలాయి. పక్కనే ఉండి చూశాను కాబట్టి చెబుతున్నాను, రేడియోలు విప్పిన ఈ చేతులకు ఆ పని రాదు. టోపీ లేచిపోయింది. దాని కింద, ఎన్నడూ చూడని తల, చాన్ వేలు పెట్టి చూపించిన చోట మచ్చతో సహా వచ్చింది. కనుబొమల మధ్య ముడిలో సగం విప్పింది, సగం ఉంచింది. "అంతా విప్పితే ఆయన కాడు" అంది తనలో తను. పళ్ల ప్రసక్తి రాలేదు, నోరు మూసుకునే ఉన్నాడు. రెండూ ముప్పావుకు కాగితం ప్రింటర్లోంచి బయటికి వచ్చింది. గేదెను తీసి చాన్ తన సంచిలో పెట్టుకుంది, మొగుణ్ని చట్రంలో బిగించాం. బువాలై నూడుల్స్ బండి మీది ప్లాస్టిక్ పట్టా తీసి కప్పింది. నలుగురం వానలో విహారానికి దాదాపు పరుగెత్తాం. అరవై దాటినవాళ్లం ముగ్గురం.

భిక్షువులు అప్పటికే పేటికకు కట్టిన మంత్రపు దారం పట్టుకుని నిలబడ్డారు. చాన్ అల్లుడు ఫోటో అందుకుని పేటిక ముందు నడిచాడు. మూడు ప్రదక్షిణల్లోనూ జనం ఆ ముఖం వంకే చూశారు. పక్క ఊరి గేదెల వ్యాపారి ఒకడు, "ఈయనకు బట్టతలా! నలభై ఏళ్లు బేరాలు చేశాను, తెలీదే" అన్నాడు. చాన్ చితిశాల మెట్ల దగ్గర ఆగి, ఫోటోను దగ్గరగా చూసి, "ఇంత బుద్ధిగా కూర్చుంటే ఎంత బావుండేదయ్యా" అంది. అప్పుడు ఏడ్చింది. మూడు రోజులుగా ఏడవాల్సినది అప్పుడే ఏడ్చింది.

జనం వరసగా మెట్లెక్కి గంధపుచెక్క పువ్వులు పేటిక కింద వేస్తున్నారు. లమ్‌దువాన్ వంతు వచ్చింది. పువ్వు వేసింది, చేతులు జోడించింది. పేటిక వంక కాకుండా పక్కనున్న ఫోటో వంకే చూస్తూ నిలబడిపోయింది. వెనక వరస ఆగిపోయింది. నేను మైకు దగ్గర నుంచి వెళ్లి మోచేత్తో పొడిచాను.

"ఏమైంది?"

"ఎడమ చెవి అన్నా," అంది. "నీడ కొంచెం ఎక్కువైంది. ఇంకో పది నిమిషాలుంటే తగ్గించేదాన్ని."